మిల్లులు, వ్యాపారాల అమ్మకానికి మధ్యవర్తిగా ఉండాలంటే లైసెన్సు కావాలా?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి):
నమస్కారం. నేను చాలా కాలంగా ఇక్కడి రైస్ మిల్లుల్లో లెక్కలు రాస్తున్నాను. పిల్లలు హైదరాబాద్‌లోనో విదేశాల్లోనో స్థిరపడి, నడిపేవారు లేక మిల్లును అమ్మేద్దామనుకునే యజమానులు నాకు తెలుసు; కొనాలనుకునేవారూ తెలుసు. ఇటువంటి బేరాలు ఇక్కడ నోటిమాట మీదే కుదురుతాయి. దీన్ని నేను పద్ధతిగా, వృత్తిగా చేయాలనుకుంటున్నాను. ఇందుకు రియల్ ఎస్టేట్ లైసెన్సు తప్పనిసరి అని ఇంటర్నెట్‌లో చదివాను. స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీలో నమోదు కావాలని మరొకరు అన్నారు. ఏది నిజమో దయచేసి తెలుపగలరు.

జవాబు 1 (న్యాయవాది, నల్లగొండ):
మీరు చదివింది అమెరికా సంగతి అయి ఉంటుంది. అక్కడ కాలిఫోర్నియా, ఫ్లోరిడా వంటి రాష్ట్రాల్లో వ్యాపారాన్ని అమ్మిపెట్టే బ్రోకరుకు రియల్ ఎస్టేట్ లైసెన్సు ఉండాలి. మన దగ్గర ఒక ప్రైవేటు మిల్లుకు కొనేవారిని వెతికి బేరం కుదర్చడానికి ప్రత్యేకంగా లైసెన్సు లేదు. అయితే ఆ గీత దాటి మీరు చేసే ఒక్కొక్క పనికి ఒక్కొక్క చట్టం అడ్డు వస్తుంది. రెరా అనే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం కింద నమోదైన ప్రాజెక్టులోని ప్లాటునో భవనాన్నో అమ్మిపెడితే, 2016 నాటి ఆ చట్టం 9వ సెక్షన్ కింద ఏజెంటుగా నమోదు కావాలి. స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టయిన కంపెనీలో 25 శాతం ఓటింగ్ హక్కు చేతులు మారి ఓపెన్ ఆఫర్ (మిగతా వాటాదారుల షేర్లు కూడా కొంటామనే ప్రతిపాదన) ఇవ్వవలసి వస్తే, దాన్ని నడిపించవలసింది సెబీలో నమోదైన మర్చంట్ బ్యాంకరే. కంపెనీల చట్టం కోరే చోట విలువ నిర్ధారణ నివేదిక మీద సంతకం చేయవలసింది దివాలా వ్యవహారాల నియంత్రణ సంస్థ అయిన ఐబీబీఐలో నమోదైన వాల్యుయర్. రెండు కంపెనీల విలీనమైతే సాధారణంగా కంపెనీల వ్యవహారాలు విచారించే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి హైదరాబాద్‌లో ఉన్న బెంచి ఆమోదం పొందాలి. అక్కడ కంపెనీ తరఫున వాదించే అర్హత న్యాయవాదులకు, సీఏలకు, కంపెనీ సెక్రటరీలకు, కాస్ట్ అకౌంటెంట్లకు ఉంటుంది. మీ మిల్లు బేరాలకు ఇవేవీ సాధారణంగా రావు.

జవాబు 2 (ట్యాక్స్ ప్రాక్టీషనర్, జడ్చర్ల):
లైసెన్సు లేదు కదా అని పన్ను సంగతి మరవకండి. మీ కమీషన్ ఆదాయం ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ నమోదు చేయించుకుని 18 శాతం పన్ను వసూలు చేయాలి.

నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది కాగితాల పరిశీలన. నడుస్తున్న వ్యాపారాన్ని మొత్తంగా కొన్నవారు, కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టం 85వ సెక్షన్ ప్రకారం, అంతకుముందు యజమాని చెల్లించని పన్నుకు కూడా ఆయనతో కలిసి బాధ్యులవుతారు. ఇక మీ ప్రాంతంలో అసలు ప్రశ్న కస్టమ్ మిల్లింగ్, అంటే ప్రభుత్వ ధాన్యాన్ని బియ్యంగా ఆడించి ఇవ్వడం. పౌరసరఫరాల సంస్థ ఇచ్చిన ధాన్యానికి క్వింటాలుకు ముడిబియ్యమైతే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు తిరిగి అప్పగించాలి కదా. ఇంకా ఎంత బియ్యం బాకీ ఉందో, గోదాములో ధాన్యం నిజంగా ఉందో లేదో చూడకుండా బయానా ఇప్పించవద్దు. యంత్రాలు, స్టాకు మీద బ్యాంకు అప్పు, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, కరెంటు బకాయి కూడా చూడాలి. లెక్కలు రాసిన మీకు ఈ పని ఇతరుల కంటే బాగా చేతనవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అమ్మేవారి దగ్గర, కొనేవారి దగ్గర ఇద్దరి నుంచీ కమీషన్ తీసుకోవచ్చా? బేరం కుదిరాక ఇవ్వకపోతే ఏం చేయాలి?

జవాబు 1 (మళ్ళీ):
ఇద్దరికీ ముందే చెప్పి, ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తీసుకోవచ్చు. ఒకరికి తెలియకుండా తీసుకోకూడదు. అమ్మేవారి ఏజెంటుగా ఉంటూ వారికి చెప్పకుండా మీరే మరొకరి పేరుతో కొంటే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 215, 216 సెక్షన్ల కింద బేరాన్ని తిరస్కరించే హక్కు, మీకు వచ్చిన లాభాన్ని రాబట్టే హక్కు వారికి ఉండవచ్చు. వేరే ఒప్పందం లేకపోతే 219వ సెక్షన్ ప్రకారం పని పూర్తయ్యేదాకా మీకు కమీషన్ రాదు. కాబట్టి మిల్లు చూపించకముందే స్టాంపు పేపరు మీద ఒప్పందం రాయించుకోండి. కమీషన్ ఎంత శాతం, బయానా రోజు ఎంత, రిజిస్ట్రేషన్ రోజు ఎంత, మీరు పరిచయం చేసినవారు మిమ్మల్ని తప్పించి ఏడాదిలోపు నేరుగా కొంటే ఏమిటి అన్నవి అందులో విడివిడిగా ఉండాలి.