“శర శశి షట్క…” పద్యంలో 21వ అంకె ఎక్కడిది?

చిత్తూరు నుంచి ప్రశ్న: తిరుపతిలో పద్యపఠనానికి పిల్లల్ని తయారు చేస్తున్నాం. పావులూరి మల్లన పేరున చెప్పుకునే చదరంగపు గళ్ల పద్యాన్ని అంకెల్లో రాయిస్తే కొందరికి 20, కొందరికి 21 స్థానాలు వస్తున్నాయి. ఏది సరైనది?

తిరుపతి నుంచి: ఇరవయ్యే అమ్మా. ఈ పద్యంలో ఒక్కో మాటా ఒక్కో అంకెకు గుర్తు: శర అంటే 5, శశి అంటే 1. సంఖ్యకు కావలసిన భాగం ఇది:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు…

తప్పంతా పాదం విరిగే చోటే జరుగుతుంది. మొదటి పాదం చివరి “భూ”ను 1 అని రాసి, కింద “ధర”ను ఇంకో 1 అని రాసేస్తారు. అది ఒకే మాట, భూధరం, అంటే 7. “కుం/జర” కూడా అంతే, 8. ఇంకో చోట “వియన్నగాగ్ని”లో నాగం చూసి 8 వేస్తారు. వియత్ 0, నగ 7, అగ్ని 3. ఇది చంపకమాల. అక్కడ “వియన్న” జగణం (లఘువు, గురువు, లఘువు). “న్నా” అని దీర్ఘం పెడితే గణం చెడుతుంది. కాబట్టి నగమే.

వరసగా 5,1,6,1,5,5,9,0,7,3,7,0,4,4,7,6,4,4,8,1. అంకెలది ఎడమ నడక గనుక కుడి నుంచి పేర్చాలి: 18446744073709551615. ఒకటితో మొదలై గడిగడికీ రెట్టింపయ్యే గింజల మొత్తం, అంటే 2⁶⁴ − 1.

పలమనేరు నుంచి, లెక్కల అయ్యవారు: సరిచూసుకోను సులువు ఉంది. అంకెల మొత్తం 87 రావాలి, 3తో శేషం లేకుండా పోతుంది. నాగం అనుకుంటే 88, భూ-ధర విడదీస్తే 82. రెండూ పోవు, తప్పు దొరికిపోతుంది.

పుత్తూరు నుంచి: ఎడమ నుంచి రాసేసినా మొత్తం 87 అదే కదా స్వామీ?

పలమనేరు నుంచి: అవును, అందుకే 11 పరీక్ష కూడా చేయించండి. పద్యం ఒకట్ల స్థానం నుంచే నడుస్తుంది కాబట్టి చదువుతూనే ఒకటి కూడి ఒకటి తీసేయొచ్చు: 5−1+6−1… చివరికి 37, పదకొండుతో శేషం 4. ఇటు 2¹⁰కి 11తో శేషం 1, కాబట్టి 2⁶⁴కి 2⁴ శేషమే, 5. ఒకటి తీస్తే 4. సరిపోయింది. తిరగేసి రాస్తే −37, శేషం 7 వస్తుంది.

ఈ సంఖ్యలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది దాని విరుపు (కారణాంకాలుగా విడదీయడం). వర్గాల భేదం పదేపదే వాడితే 3×5×17×257×65537×4294967297. చివరిదాన్ని గణితజ్ఞుడు ఫెర్మా ప్రధాన సంఖ్య అనుకున్నాడు. 1732లో ఆయిలర్ 641×6700417గా విరిచాడు. మొత్తం ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యలు, కనుక భాజకాలు 2⁷, అంటే 128.

ఆ చివరిది, అంటే 2³² + 1, 641తో ఎందుకు పోతుందో పెద్ద పిల్లలకు బోర్డు మీద చూపొచ్చు. 641 = 5×2⁷ + 1, కాబట్టి 641తో 5×2⁷ శేషం −1. నాలుగో ఘాతం తీసుకుంటే 625×2²⁸ శేషం 1. 641 = 625 + 16 కూడా, అంటే 625 బదులు −2⁴ పెట్టొచ్చు. అప్పుడు −2³² శేషం 1, కాబట్టి 2³² + 1 శేషం లేకుండా పోతుంది.