స్ప్లాష్ మౌంటెన్ తీసేసి టియానా రైడ్ పెట్టారు: బాగుపడిందా, చెడిందా?

నెమలికన్ను
డిసెంబరు సెలవుల్లో ఓర్లాండో వెళ్తున్నాం. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు, ఐదేళ్ల బాబు, మేమిద్దరం. అక్కడి డిస్నీ పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో పాత స్ప్లాష్ మౌంటెన్ రైడ్ ఉన్నచోట 2024 జూన్‌లో టియానాస్ బయూ అడ్వెంచర్ తెరిచారు కదా. టియానా అంటే 2009లో వచ్చిన డిస్నీ సినిమా ప్రిన్సెస్ అండ్ ద ఫ్రాగ్‌లోని నల్లజాతి రాకుమారి. దుంగ పడవలో కూర్చుని చీకట్లో బొమ్మలు చూసుకుంటూ పోవడం, చివర్లో నీళ్లలోకి పెద్ద జారుడు. చూసొచ్చినవాళ్లలో సగం మంది అద్భుతం అంటున్నారు, సగం మంది పాతదే నయం అంటున్నారు. మీరేమంటారు?

సాయంత్రంచాయ్
తడుస్తారు. అంతే.

పాతబాణీ
నేను రెండూ ఎక్కినవాణ్ణి కాబట్టి చెప్తున్నా. బొమ్మలకి పేరు పెట్టడానికి లేదు. టియానా తల తిప్పి మాట్లాడుతుంటే మనిషే అనిపిస్తుంది. సంగీతం కూడా బాగుంది. లేనిది కథ. టియానా మార్డీ గ్రా పండక్కి విందు చేస్తోంది, వాయించేవాళ్లు కావాలి, మనం బయూలోకి, అంటే అక్కడి చిత్తడి వాగులోకి, వెళ్లి వెతకాలి. నీటికుక్క, రకూన్, ఎలుగుబంటి తలో వాద్యం పట్టుకుని కనిపిస్తాయి. సినిమాలోని మంత్రాల ముసలమ్మ మామా ఓడీ మనల్ని కప్పంత చేస్తుంది. ఆ తర్వాత 50 అడుగుల ఎత్తు నుంచి కిందికి. ఎందుకు? విందుకి ఎవరైనా అలా వెళ్తారా?

పాత రైడ్‌లో నక్క చేతికి కుందేలు చిక్కుతుంది. "నన్నేమైనా చెయ్యి గానీ ఆ ముళ్లపొదలో మాత్రం పారెయ్యకు" అని కుందేలు బతిమాలుతుంది. నక్క సరిగ్గా అందులోకే విసురుతుంది. కుందేలు పుట్టి పెరిగిందే ముళ్లపొదలో! ఆ పడటమే కథకి కీలకం. 2009 సినిమాలో ఫెసిలియే అనే మంత్రగాడున్నాడు, వాణ్ణి ఈ రైడ్‌లో ఒక్క సీన్‌లోనూ పెట్టలేదు. రావణుడు లేని రామాయణం ఇది.

కారప్పూస
పాతబాణీ గారూ, తిరనాళ్లలో రంగులరాట్నం ఎక్కేటప్పుడు కథ అడిగారా? పిల్లల్ని భయపెట్టేవాడు లేకపోతే కథే కాదా? చివర్లో ఊరంతా వాయిస్తుంటే పడవ మెల్లగా మధ్యలోంచి పోతుంది. మా అమ్మాయి తడి బట్టలతోనే చప్పట్లు కొట్టింది. నాకది చాలు.

ముక్కుసూటి
అసలు దీన్ని ఫ్యామిలీ రైడ్ అని ఎలా అంటారు? 40 అంగుళాలు ఉండాలి. అదే పార్కులో హాంటెడ్ మాన్షన్ రైడ్‌కి ఎత్తు షరతు లేదు, పైరేట్స్‌కి లేదు, పీటర్ పాన్‌కి లేదు. మా చిన్నాడు 39న్నర. ఇంట్లో గుమ్మం దగ్గర మా ఆయన కొలిస్తే 40 వచ్చింది. వాడు మునివేళ్ల మీద నిలబడ్డ సంగతి ఆయన చూసుకోలేదు. అక్కడ కర్ర పెట్టి కొలిచి వద్దన్నారు, వాళ్ల తప్పేం లేదు. ఏడుస్తున్న పిల్లాణ్ణి పట్టుకుని బయట నిలబడింది నేను, లోపల కేకలేసింది ఆయనా పెద్దాడూ. సగం కుటుంబం ఎక్కేది ఫ్యామిలీ రైడా?

కొబ్బరిబోండాం
క్యూలో చెప్పే కథ ఎవరైనా చదివారా? టియానా ఒక ఉప్పు గని ఉన్న గుట్ట కొని, పనివాళ్లే యజమానులుగా సహకార సంఘం పెట్టిందట. మా ఊరి పాల సొసైటీ సర్వసభ్య సమావేశం గుర్తొచ్చింది. ప్రెసిడెంటు ఒక్కడే తక్కువ.

పాతబాణీ
హహ, అదే నేననేది! రాకుమారి కథలో ఉప్పు వ్యాపారం ఏంటి?

కారప్పూస
వ్యాపారమే. సినిమాలో కూడా ఆమె కల హోటల్ పెట్టడం, రాజకుమారుడు దొరకడం కాదు. న్యూ ఓర్లీన్స్‌లో లియా చేజ్ అని ఒక పెద్దావిడ ఉండేది, 2019లో పోయింది. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి కూర్చోవడం చట్టవిరుద్ధమైన రోజుల్లో తన హోటల్‌లో వాళ్లని ఒక్క బల్ల దగ్గర కూర్చోబెట్టి వడ్డించింది. టియానా పాత్రకి ఆవిడే స్ఫూర్తి. నవ్వుకోండి, కానీ తెలుసుకుని నవ్వుకోండి.

నెమలికన్ను
బాబు 43 అంగుళాలు, సమస్య లేదు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. దుంగలోకి దిగడం కష్టమా?

పుస్తకాలపురుగు
కుందేలు కథ గురించి ఒక మాట. ఆ రైడ్‌కి మూలం 1946 నాటి డిస్నీ సినిమా సాంగ్ ఆఫ్ ద సౌత్. తోటల్లో నల్లవాళ్ల బతుకు హాయిగా సాగినట్టు చూపించిందని అది వచ్చిన ఏడాదే గొడవైంది. అమెరికాలో దాని వీడియో క్యాసెట్ కూడా డిస్నీ ఎప్పుడూ అమ్మలేదు. కథలు మాత్రం అంతకంటే పాతవి. ఆఫ్రికా నుంచి వచ్చిన బానిసలు చెప్పుకున్నవి. జోయెల్ చాండ్లర్ హారిస్ అనే తెల్ల జర్నలిస్టు వాటిని రాసి అచ్చేశాడు. అందులో తారు బొమ్మని కొట్టి కుందేలు అతుక్కుపోయే కథ ఉంది. రైడ్ కట్టినప్పుడే డిస్నీ ఆ తారు తీసేసి తేనె పెట్టింది. మన జాతకకథల్లో పంచావుధ కుమారుడు కూడా ఇలాగే యక్షుడి జుట్టుకి చేతులూ కాళ్లూ తలా అతుక్కుని వేలాడతాడు. ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో పండితులు ఇంకా వాదించుకుంటున్నారు.

పాతబాణీ
చూశారా! మన కథ కూడా అయ్యుండొచ్చు. అలాంటిదాన్ని 2020లో ఆన్‌లైన్‌లో నాలుగు సంతకాలు పెట్టారని తీసేశారు. ఫ్లోరిడాలో 2023 జనవరిలో మూసేశారు, కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో ఉన్నదాన్ని మేలో. టోక్యో డిస్నీలాండ్‌లో ఉన్నదాన్ని మాత్రం ఉంచారు. అక్కడ చెడు కానిది ఇక్కడ ఎలా చెడయింది?

కారప్పూస
పురుగు గారు రాసింది సగమే చదివారు. కథ చెప్పింది బానిసలు, పేరు వచ్చింది వేరేవాళ్లకి. ఎవరి బాధ గురించి ఆ సినిమా అబద్ధం చెప్పిందో వాళ్ల పిల్లలు అదే గుట్ట ముందు గంటసేపు లైన్లో నిలబడాలా?

పాతబాణీ
లైన్లో నిలబడ్డ ఏ పిల్లాడికీ ఆ సినిమా పేరు కూడా తెలీదు. 1989 నుంచి కోట్లమంది ఎక్కారు. వాళ్లకి కుందేలు కుందేలే. తోలుబొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా ఆడే మాటలు ఈ రోజు లెక్కలో ఎన్ని తప్పులవుతాయి? వాళ్లనీ తీసేద్దామా?

గాలిపటం
అవన్నీ ఎందుకండీ. మా పాప టియానా బొమ్మ వద్దంది, ఫ్రోజెన్ సినిమాలోని ఎల్సా కావాలంది. తెల్లగా మెరిసేది నచ్చుతుంది, పిల్లలంతే.

కారప్పూస
"పిల్లలంతే" కాదండీ, పెద్దలు నేర్పితే అంతే. మా అమ్మాయి పుట్టిన మూడో రోజు మా బంధువుల్లో ఒకావిడ ఫోన్ చేసి అడిగిన మొదటి మాట "రంగెవరిది?" ప్రతి ఎండాకాలం ఇండియా వెళ్తే మా నాయనమ్మ శనగపిండీ మీగడా కలిపి రుద్దుతుంది. ఆవిడది ప్రేమే, కాదనను. ఆ రోజు రైడ్ చివర పడవ టియానా ముందు మెల్లగా పోతుంటే మా ఏడేళ్లది నా చెవిలో అడిగింది: "అమ్మా, ఈవిడకి కూడా తాతమ్మ పిండి రాస్తుందా?" నాకు గొంతు పట్టేసింది. మీరేమో పడవ ఎందుకు పడిందని నాలుగు రోజులుగా అడుగుతున్నారు!

పాతబాణీ
అంటే నాకు నల్ల రాకుమారి నచ్చలేదనేనా నీ ఉద్దేశం?

కారప్పూస
ఏకవచనం వద్దు. నేనలా అనలేదు. మీకే అనిపించింది.

సాయంత్రంచాయ్
పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

అడ్మిన్
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. వ్యక్తిగత మాటలుంటే తాళం వేసేస్తాను.

ముక్కుసూటి
40 అంగుళాల సంగతికి ఒక్కరూ జవాబు చెప్పలేదు.

పాతబాణీ
"నీ" అన్నందుకు క్షమించండి. రాత్రి నిద్ర పట్టక రాస్తున్నా.

2011లో అమ్మని తీసుకెళ్లాను. ముందు పళ్లు రెండు పోయినప్పటి నుంచి అమ్మ నోరు తెరిచి నవ్వేది కాదు. ఎవరైనా జోకేస్తే చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. స్ప్లాష్ మౌంటెన్ జారుడులో కెమెరా ఫొటో తీస్తుంది కదా. అందులో అమ్మ రెండు చేతులతో ముందున్న కడ్డీ పట్టుకుంది, కొంగు ఎటో ఎగిరిపోయింది, నోరు బార్లా తెరిచి నవ్వుతోంది. పక్కన నేను కళ్లు మూసుకున్నా. దిగాక ఫొటో చూసి "అయ్యో, ఇది కొనకురా" అంది. కొన్నాను. హాల్లో ఉంది. 2021లో కోవిడ్‌లో పోయింది.

గుట్ట అదే, కాలవ అదే, జారుడు అదే అని మీరంటారు. నిజమే. నేను వెళ్లి ఎక్కాను కూడా. పైన ఆ ఒక్క క్షణం పడవ ఆగినట్టు అనిపించేది కదా, అక్కడ పాత పాట వినపడుతుందని చెవి పెట్టి కూర్చున్నా. వేరే పాట వినపడింది. కథ లేదని రాసింది ఆ కోపంతోనే కావచ్చు. అయినా ఆ పడటానికి కారణం లేదనే ఇప్పటికీ అంటాను.

కారప్పూస
అమ్మగారి సంగతి ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదుగా. బాధగా ఉందండీ. కానీ నా మాట మారదు. ఆ కుందేలు పోవాల్సిందే.

పాతబాణీ
నాదీ మారదు లెండి.

కొబ్బరిబోండాం
నెమలికన్ను గారూ, మీ ప్రశ్న గాలికి పోయింది. ఫ్లోరిడాలో ఇద్దరిద్దరు పక్కపక్కన కూర్చోవచ్చు. కాలిఫోర్నియాలో అయితే ఒకరి వెనక ఒకరు, అది మోకాళ్లకి ఇంకా కష్టం. సీటు బాగా కిందికి ఉంటుంది, దిగేటప్పుడు చెయ్యి అందించండి. మెడ, వెన్ను, గుండె ఇబ్బందులుంటే వద్దు.

నెమలికన్ను
అందరికీ థాంక్స్. అత్తగారు ఈ చర్చంతా నా చేత చదివించుకుని విన్నారు. ఎక్కుతానంటున్నారు. చీరతో వద్దు అంటే వినట్లేదు.

పాతబాణీ
చీరతోనే ఎక్కనివ్వండి, పైన ప్లాస్టిక్ రెయిన్‌కోటు వేయండి. వీలైతే ముందు వరస అడగండి. ఎక్కువ తడుస్తారు, కానీ ఫొటోలో ఎవరి తలా అడ్డం రాదు.