యువైటిస్ వల్ల రెటీనా వాపు: స్టెరాయిడ్ సూది కంటి పక్కనా, కంటి లోపలా?

ప్రశ్న
మా అమ్మగారికి 58 ఏళ్లు. యువైటిస్ (కంటి లోపలి పొరల వాపు) వల్ల కుడికంటి మాక్యులాలో, అంటే రెటీనా మధ్యభాగంలో, నీరు చేరింది. క్యాలెండరు చూస్తే తేదీ అంకె మధ్యలో చెరిపేసినట్టు కనిపిస్తోందని అంటున్నారు. రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్‌లో అక్కడి మందం 480 మైక్రాన్లు వచ్చింది. షుగరు ఉన్నందున మాత్రలకు బదులు స్టెరాయిడ్ ఇంజెక్షన్ మేలని డాక్టరుగారు చెప్పారు. కంటి లోపల సూది అనగానే అమ్మగారు భయపడిపోయారు. కంటి పక్కన చేయిస్తే సరిపోతుందా?

జవాబు (రెటీనా వైద్యురాలు)
ఆమె భయం సహజమే. అయితే ఈ రెండింటినీ నేరుగా పోల్చిన పాయింట్ అనే అధ్యయనం ఫలితాలు 2019లో వెలువడ్డాయి. 8 వారాలకు మాక్యులా మందం, ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్‌ను కంటి పక్కన ఇచ్చినవారిలో సగటున 23 శాతం మేర, అదే మందు కంటి లోపల ఇచ్చినవారిలో 39 శాతం మేర, డెక్సామెథసోన్ ఇంప్లాంట్ (కంటి లోపల పెట్టే, మెల్లగా మందు వదిలే స్టెరాయిడ్ గుళిక) పెట్టినవారిలో 46 శాతం మేర తగ్గింది; లోపల చేయించుకున్నవారు చార్టులో సుమారు 5 అక్షరాలు అదనంగా చదవగలిగారు. కంటి ఒత్తిడి పెరిగే అవకాశం కూడా లోపల చేసినప్పుడే ఎక్కువ. అందుకే ఇప్పటికే గ్లకోమా (సాధారణంగా కంటి ఒత్తిడి వల్ల కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవారి విషయంలో నేను చాలా ఆలోచిస్తాను. అది లేకపోతే, ఇంత వాపుకు లోపల చేయించడమే మంచిదని నా అభిప్రాయం.

జవాబు (ఇంప్లాంట్ చేయించుకున్న వ్యక్తి)
అమ్మగారికి ఈ మాట చెప్పండి: మత్తు చుక్కలు వేశాక నాకు గట్టిగా నొక్కినట్టు మాత్రమే అనిపించింది, పని క్షణాల్లో అయిపోయింది. ఆరో వారంలో కంటి ఒత్తిడి మామూలు కన్నా బాగా పెరిగి 32కు చేరింది. నొప్పి గానీ మసక గానీ లేకపోవడంతో, పరీక్షకు వెళ్లకపోతే నాకు తెలిసేదే కాదు. నాలుగు నెలలు చుక్కల మందు వాడాక అదుపులోకి వచ్చింది. చూపు బాగుందని ఆ పరీక్షలు మాత్రం మానవద్దు.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. గ్లకోమా లేదు. టీబీ పరీక్ష ఫలితం ఇంకా రాలేదు, ఈలోగా సూది వేయించవచ్చా?

జవాబు (రెటీనా వైద్యురాలు)
ఆగండి. మన దేశంలో యువైటిస్‌కు టీబీ ముఖ్యమైన కారణాల్లో ఒకటి. ఇన్ఫెక్షన్ ఉన్న కంట్లో స్టెరాయిడ్ మాత్రమే పెడితే ఆ ఇన్ఫెక్షన్ మరింత ముదరవచ్చు. శుక్లం ఆపరేషన్ అయి ఉంటే, లెన్సు వెనుక పొర చిరిగిందేమో కూడా డాక్టరుగారిని అడగండి, ఎందుకంటే చిరుగు ఉంటే ఇంప్లాంట్ కంటి ముందుభాగంలోకి జారి కార్నియాను (కంటి ముందున్న పారదర్శక పొరను) దెబ్బతీయవచ్చు. సూది తర్వాత కన్ను ఎర్రబడి, నొప్పి పెరుగుతూ, చూపు తగ్గుతుంటే, అర్ధరాత్రయినా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.