డాక్‌లో వెయిటింగ్ మధ్యలో తెగితే స్ప్లిట్ స్లీపర్ లెక్క ఎలా?

అమెరికాలో ట్రక్కు నడిపే తెలుగు అన్నలకు నమస్కారం. 11 గంటల డ్రైవింగ్, 14 గంటల విండో (డ్యూటీ ఎక్కాక ఆలోపే డ్రైవింగ్ ముగించాలి), 8 గంటలు నడిపాక అరగంట బ్రేక్ వరకు నాకు ఇబ్బంది లేదు. చిక్కంతా గోదాముల దగ్గర స్ప్లిట్ స్లీపర్‌తోనే, అంటే 10 గంటల విశ్రాంతిని రెండు ముక్కలుగా తీసుకోవడంతోనే.

మొన్న ఫ్రెస్నోలో ఉదయం 6కి డ్యూటీ ఎక్కి, 10కి ట్రెయిలర్‌ని డాక్‌కి ఆనించాను. లోడింగ్ పని గోదాము వాళ్లదే కాబట్టి లాగ్‌లో స్లీపర్ బెర్త్ (క్యాబిన్‌లోని పడక మీద విశ్రాంతి) అని వేసుకుని పడుకున్నాను. సరిగ్గా 12కి వచ్చి తలుపు కొట్టి, కాగితాల మీద సంతకాలు చేయమన్నారు. ఆ 10 నిమిషాలు ఆన్ డ్యూటీ వేశాను. మళ్లీ స్లీపర్. 1:30కి బండి వదిలారు.

ఒకే బిట్‌గా మూడున్నర గంటలు ఉంటే, రాత్రి స్లీపర్‌లో 7 గంటలు చాలు; రెండూ కలిపి 10 దాటుతాయి, ఆ మూడున్నర 14 గంటల లెక్కలోకి రాదు. ఇప్పుడు పనికొచ్చేది మొదటి 2 గంటలే, కాబట్టి రాత్రికి 8 గంటలు కావాలని నా లెక్క. మిగిలిన గంటా ఇరవై నిమిషాలు 14లో కలుస్తాయి కదా? సరేనా?

ఇంకోటి. మా కంపెనీ డిస్పాచర్ ఆ 10 నిమిషాలనూ స్లీపర్‌గా మార్చి ఈఎల్‌డీకి (డ్యూటీ గంటలు నమోదు చేసే ఎలక్ట్రానిక్ పరికరం) ఎడిట్ పంపాడు. నేను ఒప్పుకోకుండా ఆపాను. సంతకం పెట్టిన కాగితం మీద టైమ్ ఉంది, ఇన్‌స్పెక్షన్‌లో అడిగితే లాగ్ తప్పుడుదని రాస్తారు. ఎడిట్ రిజెక్ట్ చేసేటప్పుడు నోట్‌లో మీరేం రాస్తారు? వాళ్లతో గొడవ కాకుండా ఎలా చెబుతారు? అనుభవం ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.