పదో వారంలో రక్తపరీక్షల మార్కర్లు చూసి జీడీఎం (గర్భధారణలో వచ్చే షుగర్) వస్తుందో లేదో చెప్పొచ్చా?

పీహెచ్‌సీ డ్యూటీ
10 వారాల గర్భిణి. వయసు 31, బీఎంఐ 28, తల్లికి షుగర్ ఉంది. ఫాస్టింగ్ 90, ట్రైగ్లిజరైడ్స్ 150, ఫాస్టింగ్ ఇన్సులిన్ 12, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్) 5.8, హిమోగ్లోబిన్ 9.2. రిపోర్టులో టీవైజీ ఇండెక్స్ (ఇన్సులిన్ నిరోధకత, అంటే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడాన్ని అంచనా వేసే అంకె) 4.76 అని వేశారు, పేపర్లలో చూస్తే 8, 9 దగ్గర ఉంటోంది. వీటిలో దేన్ని పట్టుకోవాలి? అడిపోనెక్టిన్ (కొవ్వు కణాల హార్మోన్) టెస్టుకు కూడా పంపించమంటారా?

బయోకెమ్ బెంచ్
ముందు ఆ 4.76 సంగతి తేల్చేద్దాం. ట్రైగ్లిజరైడ్స్‌ని గ్లూకోజ్‌తో గుణించి, సగం చేసి, ఆ తర్వాత సహజ లాగ్ తీయాలి. 150 × 90 = 13,500, సగం 6,750, దాని లాగ్ 8.82. మీ రిపోర్టులో ముందు లాగ్ తీసి (9.51) తర్వాత సగం చేశారు. రెండు రకాల లెక్కా పేపర్లలో కనిపిస్తాయి కాబట్టి, ఎవరి కటాఫ్ వాడితే వాళ్ల ఫార్ములాయే వాడాలి.

ఇన్సులిన్ నిరోధకతకే ఇంకో అంచనా హోమా-ఐఆర్: ఫాస్టింగ్ గ్లూకోజ్, ఇన్సులిన్‌తో 90 × 12 ÷ 405 = 2.67. దీన్నీ గట్టిగా నమ్మకండి. ఇన్సులిన్ విలువ కిట్‌ని బట్టి మారుతుంది. పైగా శాంపిల్ హీమోలైజ్ అయితే (ఎర్రకణాలు పగిలితే) వాటిలోని ఎంజైమ్ ఇన్సులిన్‌ని తినేస్తుంది, అంకె తక్కువొస్తుంది.

ఆ 90 ఏ ట్యూబులోది? మామూలు ట్యూబులో రక్తకణాల్ని వేరుచేయకుండా ఉంచితే గంటకు 5–7 శాతం గ్లూకోజ్ పోతుంది. గ్రే టాప్ (ఫ్లోరైడ్ ట్యూబు) అయినా మొదటి గంటా రెండు గంటలూ పూర్తి రక్షణ లేదు. ఫ్లోరైడ్ ఆపేది గ్లైకాలసిస్ (కణాలు గ్లూకోజ్‌ని విడగొట్టే వరుస మెట్లు) చివర్లో ఉండే ఎనోలేజ్ అనే ఎంజైమ్‌ని, పై మెట్లు కాసేపు నడుస్తూనే ఉంటాయి. ఐసు నీళ్లలో పెట్టి 30 నిమిషాల్లో సెంట్రిఫ్యూజ్ చేస్తేనే ఆ అంకెకు విలువ.

ఓబీజీ ఓపీ (ప్రసూతి విభాగం)
హిమోగ్లోబిన్ 9.2 ఉండగా హెచ్‌బీఏ1సీ 5.8ని పట్టుకుని కూర్చోలేం. ఐరన్ లోపంలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఐరన్ మొదలుపెట్టాక కొత్త కణాలొచ్చి దిగుతుంది. థాలసీమియా ట్రెయిట్ (వంశపారంపర్యంగా వచ్చే హిమోగ్లోబిన్ లోపం) ఉంటే ఇంకో తిరకాసు.

అడిపోనెక్టిన్ వద్దండీ. తర్వాత జీడీఎం వచ్చేవాళ్లలో మొదటి నెలల నుంచే తక్కువగా ఉంటుందన్నది నిజమే, కానీ అది గుంపు సగటు. ఒక్క మనిషి విషయానికొస్తే రెండు గుంపుల అంకెలూ కలిసిపోతాయి. ఈమె వయసు, బీఎంఐ, తల్లి షుగర్ ఇప్పటికే చెప్పాల్సింది చెప్పేశాయి.

డిప్సీ (గ్లూకోజ్ తాగించి ఒక్కసారి రక్తం చూసే జీడీఎం టెస్టు) చేసేయండి. తిని వచ్చినా ఫర్వాలేదు. 75 గ్రాముల గ్లూకోజ్ (ప్యాకెట్ మీద మోనోహైడ్రేట్ అని ఉంటే 82.5) 300 మి.లీ. నీళ్లలో కలిపి 5–10 నిమిషాల్లో తాగించాలి. 2 గంటలకు 140 లేదా పైన ఉంటే జీడీఎం. అరగంటలోపు వాంతి అయితే మర్నాడు మళ్లీ, అరగంట దాటాక అయితే టెస్టు కొనసాగించొచ్చు. నార్మల్ వచ్చినా 24–28 వారాల్లో తప్పకుండా రెండోసారి. మాయ హార్మోన్ల వల్ల ఇన్సులిన్ నిరోధకత అసలు పెరిగేది అప్పుడే.

పీహెచ్‌సీ డ్యూటీ
ఫాస్టింగ్ మళ్లీ సరిగ్గా తీస్తే జీడీఎం కటాఫ్ 92 దాటిందనుకోండి, ఇప్పుడే జీడీఎం అని రాయొచ్చా మేడమ్?

ఓబీజీ ఓపీ
ఆ ఒక్క అంకె మీద రాయను. 92 వచ్చింది హాపో స్టడీ (గర్భిణుల షుగర్ మీద జరిగిన పెద్ద అంతర్జాతీయ పరిశోధన) నుంచి, అందులో టెస్టు చేసింది 24–32 వారాల మధ్య. మొదటి మూడు నెలల్లో ఫాస్టింగ్ దానంతటదే కొంత దిగుతుంది. 126 లేదా పైన ఉంటే మాత్రం అది గర్భానికి ముందునుంచీ ఉన్న షుగర్ అనుకుని, మళ్లీ చూసి వెంటనే రిఫర్ చేయండి.