"బల్బు కరెంట్‌ని తినేస్తుంది కదా సర్" అంటున్నారు, ఎలా చెప్పాలి?

జడ్పీ_ఫిజిక్స్: పదో తరగతికి విద్యుత్ పాఠం మొదలుపెట్టాను. దువ్వెనతో కాగితం ముక్కలు లేపే ప్రయోగం మూడుసార్లు చేసినా కాలేదు, పిల్లల ముందు తల కొట్టేసినట్టయింది. అసలు బాధ వేరే. దువ్వెన మీది విద్యుదావేశానికీ తీగలోని కరెంట్‌కీ సంబంధం అందడం లేదు. బల్బు దాటాక కరెంట్ తగ్గుతుందని క్లాసంతా ఒకే మాట. ల్యాబులో కరెంట్ కొలిచే అమ్మీటర్లు పనిచేసేవి రెండే. మీరెలా చెబుతున్నారు?

గోదావరి_టీచర్: దువ్వెన సంగతి నాకు బాగా తెలుసు సర్. పిల్లలు తలకి కొబ్బరినూనె రాసుకుని వస్తారు, ఆ జుట్టు మీద ఎంత దువ్వినా రాదు. వానాకాలమైతే గాలిలో తేమకి వచ్చిన ఆవేశం కూడా నిలవదు. నేను ప్లాస్టిక్ స్కేలు కాసేపు ఎండలో పెట్టి, ఇంట్లోని పాత ఉన్ని మఫ్లర్‌తో రుద్దిస్తా. కుళాయి సన్నగా తిప్పి పక్కన పెడితే నీటిధార స్కేలు వైపు వంగుతుంది. అది చూసి వెనక బెంచీ వాళ్లు కూడా లేచి వచ్చేశారు!

రిటైర్డ్_మాస్టారు: 31 ఏళ్లు చెప్పాను బాబూ. మేడ మీద ట్యాంకు, పైపు, కుళాయి. ఎత్తు పొటెన్షియల్, అంటే కరెంట్‌ని నెట్టే ఒత్తిడి; ధార కరెంట్. ఇంతకు మించి అక్కర్లేదు.

సైకిల్_చైన్: మాస్టారూ, గౌరవంతోనే చెబుతున్నా, ఆ పోలికతోనే ఈ తప్పు పుడుతోంది. కుళాయిలో పడ్డ నీళ్లు వాడేస్తాం, ట్యాంకు ఖాళీ అవుతుంది. పైపు తెగితే నీళ్లు కారతాయి, తీగ తెగితే కరెంట్ కారుతుందా? సైకిల్ చైన్ చూపించండి. పెడల్ తొక్కగానే లింకులన్నీ ఒకేసారి కదులుతాయి, ఒక్క లింకూ అరిగి మాయమవదు, పని మాత్రం చక్రానికి అందుతుంది.

రిటైర్డ్_మాస్టారు: నా దగ్గర చదివినవాళ్లు ఇంజనీర్లయ్యారు. ట్యాంకు తప్పయితే వాళ్లెలా అయ్యారో చెప్పండి!

సబ్‌స్టేషన్_డ్యూటీ: ఇద్దరూ ఒకటి వదిలేశారు. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగలో 1 ఆంపియర్ కరెంట్ పోతుంటే దాన్ని మోసే ఎలక్ట్రాన్లు సెకనుకి సుమారు 0.07 మిల్లీమీటర్లే జరుగుతాయి. మీటరు దూరానికి దాదాపు 4 గంటలు. ఇంట్లో వచ్చే 50 హెర్ట్జ్ ఏసీ కరెంట్‌లో (దిశ మారుతూ ఉండేది) అయితే ఉన్నచోటే ముందుకీ వెనక్కీ ఊగుతాయి. రోజూ లైన్ల మధ్య ఉండేవాణ్ణి, చెబుతున్నా.

పదో_తరగతి_అమ్మ: మా అబ్బాయికి కూలుంబ్ అంటే 6.24 × 10¹⁸ ఎలక్ట్రాన్ల ఆవేశం అని కంఠతా వచ్చు. సెకనుకి ఒక కూలుంబ్ దాటితే ఆంపియర్ అని మాత్రం తెలీదు. బిట్ల కోసం చదివిస్తే ఇంతే.

తెలుగు_మీడియం: తప్పు పిల్లలది కాదు, మాటది. కరెంటు పోయింది, కరెంటు బిల్లు, కరెంటాఫీసు. మన ఇళ్లల్లో కరెంటంటే విద్యుత్తే. బిల్లులో యూనిట్ అంటే కిలోవాట్ గంట, అది శక్తి. కాబట్టి "కరెంట్ ఖర్చయింది" అన్న పిల్లవాడు ఇంటి మాటలో సరిగ్గానే అన్నాడు. క్లాసులో "విద్యుత్ ప్రవాహం" అనండి, సగం చిక్కు పోతుంది.

సైకిల్_చైన్: పోదండీ. రేపు ఇంటర్‌లో మళ్లీ కరెంటే అంటారు.

తెలుగు_మీడియం: ఇంటర్ కోసం ఇప్పుడు అర్థం కాకుండా చెప్పాలా? ఈ ధోరణి వల్లే మా పిల్లలు సైన్స్ అంటే భయపడుతున్నారు.

మండపం_లైట్లు: చవితి సీరియల్ సెట్ విప్పి చూపిస్తే శ్రేణి సంధానం (బల్బులు ఒకదాని వెనక ఒకటి కలపడం) ఇట్టే అర్థమవుతుంది.

సబ్‌స్టేషన్_డ్యూటీ: దయచేసి వద్దు! అది 230 ఓల్టులకి పెట్టేది, ఒక్క చిన్న బల్బు ఊడినా ఆ హోల్డర్‌లో షాక్ కొడుతుంది. టార్చి సెల్సే వాడండి.

జడ్పీ_ఫిజిక్స్: ఇవాళ రెండు అమ్మీటర్లనీ బల్బుకి అటొకటి ఇటొకటి పెట్టాను. ముందు చేతులెత్తించా, రెండోది తక్కువ చూపిస్తుందని 38 మంది. రెండు ముళ్లూ 0.2 ఆంపియర్ దగ్గరే నిలిచాయి. ఒకడు లేచి మీటర్లు తారుమారు చేసి మళ్లీ పెట్టమన్నాడు. పెట్టాను, అదే రీడింగ్. "మరి బిల్లు దేనికి సర్?" అన్నాడు. రేపు అక్కణ్ణుంచే మొదలు. మేడం, మీ మఫ్లర్ అచ్చం ఉన్నిదేనా, కలిపిందా?