లాబీయింగ్‌కు చట్టం వస్తే సామాన్యుడికి ఒరిగేదేమైనా ఉందా?

మానస_కె: లాబీయిస్టులంటే డబ్బు తీసుకుని ఒకరి తరఫున ప్రభుత్వంతో, చట్టసభల వాళ్లతో మాట్లాడేవాళ్లు. అమెరికాలో 1995 నుంచి వాళ్లు పేరు నమోదు చేసుకోవాలని చట్టం ఉంది. ఎవరి తరఫున, ఏ బిల్లు మీద, ఎంత డబ్బుకు పనిచేశారో ఇప్పుడు మూడు నెలలకోసారి చెప్పాలి. మన దగ్గర ఆ చట్టమే లేదు. ఎన్నికల బాండ్లు చూడండి. 2018లో మొదలయ్యాయి, 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పటిదాకా ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో ఓటరుకు తెలియదు. మనకూ చట్టం కావాలి.

సత్యం_63: అమెరికాలో డబ్బు పెత్తనం తగ్గిందా? పేరు రాయించుకుని మరీ చేస్తున్నారు. మన దగ్గర జనం కదిలితే ప్రభుత్వం దిగొస్తుంది. 1992లో దూబగుంట ఆడవాళ్లకు ఏ లాబీయిస్టు ఉన్నాడు? నెల్లూరు జిల్లాలో సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరులో సారా బంద్ అయింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది.

లెక్కలపంతులు: 1997లో సడలించారు. అది చెప్పరేం?

చిన్నయూనిట్: మాది క్యారీబ్యాగుల యూనిట్. ఇప్పుడు లేదు. 2021 ఆగస్టులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. 50 మైక్రాన్ల మందమున్న సంచి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సెప్టెంబరు 30 నుంచి 75 ఉండాలట, 2022 డిసెంబరు 31 నుంచి 120. మందం అంత పెరిగితే కిలో ముడిసరుక్కి వచ్చే సంచులు సగం కూడా ఉండవు. రేటు చెప్పగానే కిరాణా వాళ్లు ఫోన్ పెట్టేసేవారు. చిప్స్ ప్యాకెట్ మాత్రం అలాగే ఉంది. ముసాయిదా మార్చిలోనే పెట్టి అభ్యంతరాలు అడిగారట. నాకు తెలిసేసరికి అంతా అయిపోయింది. పెద్ద కంపెనీకి గెజిట్ చదవడానికే మనుషులుంటారు. నేను మిషన్ దగ్గర నిలబడాలా, గెజిట్ చూడాలా?

సత్యం_63: పెద్ద కంపెనీల మాటే చెల్లితే, 2022 జులై 1న ప్లాస్టిక్ స్ట్రాల నిషేధం ఆగేది. అమూల్ అంతటి సంస్థ గడువు అడిగింది. ఇవ్వలేదు.

చిన్నయూనిట్: నేను స్ట్రాల సంగతి ఎత్తలేదండీ.

సత్యం_63: గడువు ఇచ్చారా, లేదా?

మానస_కె: ఇవ్వలేదు సత్యంగారూ. అడిగారని పేపర్లో వచ్చింది కాబట్టి మీకు తెలిసింది. పేపర్లో రానివాటి మాటేమిటి?

లెక్కలపంతులు: ఆ చిప్స్ ప్యాకెట్ కథ కొంచెం వివరంగా చూడాలి. ఆ ప్యాకెట్ లాంటి, రీసైకిల్ చేయలేని బహుళ పొరల ప్లాస్టిక్‌ను రెండేళ్లలో ఆపేయాలని 2016 నియమాల్లో ఉంది. గడువు దగ్గరపడ్డాక 2018లో ఆ వాక్యాన్నే సవరించారు. కాల్చి శక్తి రాబట్టే వీలులేనిది, మరో వాడకానికి పనికిరానిది అని చేర్చారు. సిమెంటు బట్టీల్లో కాల్చొచ్చు కాబట్టి ప్యాకెట్ బతికిపోయింది. ధర్నా లేదు, రాస్తారోకో లేదు, ఒక్క వాక్యం మారింది. ఎవరు అడిగారు, ఎవరు ఒప్పుకున్నారు? లాబీయిస్టుల రిజిస్టర్ ఉంటే కనీసం ఆ ప్రశ్నకు జవాబు దొరికేది.

వేణు_ఆర్: ఇది నాకు తెలియదు. థాంక్స్ మాస్టారూ.

సత్యం_63: స్ట్రాల దగ్గర మాట్లాడలేక కథ మార్చారు. ఒకాయన వ్యాపారం పోయిందని దేశానికో కొత్త చట్టమా?

చిన్నయూనిట్: నా దగ్గర పనిచేసినవాళ్లూ ఈ దేశంవాళ్లే. రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది కూర్చుంటే 2021 నవంబరులో సాగు చట్టాలు వెనక్కి పోయాయి. సంతోషం. వాళ్లకు సంఘాలున్నాయి, వంతులవారీగా వెళ్లే ఊళ్లున్నాయి. మా ప్యాకింగ్ అమ్మాయిలు ఎక్కడ కూర్చోవాలి? కూర్చుంటే మీరొచ్చేవారా?

సత్యం_63: వచ్చేవాణ్ని కాదు. మీ సంచులు తగ్గాల్సిందే. నష్టపోయే ప్రతివాణ్నీ అడుగుతూ పోతే ఏ మంచిపనీ జరగదు. సారా కాంట్రాక్టర్లను అడిగి నిషేధం పెట్టారా?

మానస_కె: అంటే చట్టం పనిచేయదని కాదు, కొందరి మాట అసలు వినకూడదనే మీ అభ్యంతరం. ఎవరి మాట వినాలో నిర్ణయించేదెవరు? 2014 నుంచి ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందు పెట్టాలన్న విధానం ఉంది. చట్టం కాదు కాబట్టి పాటించకపోయినా అడిగే దిక్కులేదు. నేను దానికీ కలిపే చట్టబద్ధత అడుగుతున్నాను.

సత్యం_63: ఓట్లేసి గెలిపించింది నిర్ణయించడానికే. తలుపులు బార్లా తీస్తే ముందు దూరేది సారా కాంట్రాక్టరే, దూబగుంట ఆడవాళ్లు కాదు.

చిన్నయూనిట్: అతను ఇప్పటికే లోపలున్నాడండీ. బయటున్నది మేము. నా మాట ఒప్పుకోమనట్లేదు, వినమంటున్నాను. సంచి మందం పెంచండి, చిప్స్ ప్యాకెట్‌నూ అదే రోజు ఆపండి, నేను నోరెత్తను.

సత్యం_63: రిజిస్టర్ వస్తే మీ సంఘం పేరూ, ఖర్చూ అందులో రాయాలి. రాస్తారా?

చిన్నయూనిట్: రాస్తాం. ఫారం తెలుగులో ఇమ్మనండి, జిల్లాలోనే తీసుకోమనండి.

వేణు_ఆర్: ఫీజు ఎంత పెడతారో కూడా చూడాలి. లక్షల్లో పెడితే ఆ రిజిస్టర్‌లోనూ వాళ్లే మిగులుతారు.